రౌటర్ టేబుల్ క్యాబినెట్: విశాఖ చెమ్మకు ఏది నిలుస్తుంది?

చెక్కకి గాడులు, అంచులు తీసే రౌటర్ మిషన్‌ను కింద తలకిందులుగా బిగించుకునే బల్లే రౌటర్ టేబుల్. దాని ప్లాన్ల కోసం నెట్‌లో వెతికితే కనిపించేవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. మధ్యలో రౌటర్ గది, అటూ ఇటూ మూడేసి సొరుగులు, కింద చక్రాలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం చల్లటి దేశాల్లో, కారు షెడ్డంత వర్క్‌షాపు ఉన్నవాళ్లు గీసుకున్నవి. మనది ఏడాదిలో ఎక్కువ నెలలు చెమ్మ వీడని ఊరు. పైగా మనలో చాలామందికి వర్క్‌షాపు అంటే ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో వెనక బాల్కనీ, పెందుర్తి వైపు సొంతింటి పోర్టికో, లేదంటే మేడ మీద రేకుల షెడ్డు. అందుకని సొరుగులు ఎన్ని అన్నది చివర్లో చూసుకోవచ్చు. ముందు రౌటర్ సంగతి తేలాలి, ఆ తర్వాత పైపలక. డబ్బా ఆ రెండింటికీ ఒదిగితే చాలు.

రౌటర్‌ను బట్టే డబ్బా

మన దగ్గర వడ్రంగుల చేతిలో ఎక్కువగా కనిపించేది చిన్న ట్రిమ్మర్, అంటే బుల్లి రౌటర్. మకీటా 3709 అయితే 530 వాట్లు, నిమిషానికి 30,000 చుట్లు. బాష్ జీకేఎఫ్ 550 అయితే 550 వాట్లు, 33,000 చుట్లు. రెండింటికీ వేగం తగ్గించే వీలు లేదు. సన్‌మైకా అంచు కొట్టడానికి, చెక్క అంచు గుండ్రం చేయడానికి, సన్నటి గాడి తీయడానికి ఇవి బాగా పనికొస్తాయి. పెద్ద బిట్టు (రౌటర్‌లో తిరుగుతూ చెక్కను కోసే ముక్క) మాత్రం పెట్టకూడదు. 50 మిల్లీమీటర్ల బిట్టును 30,000 చుట్ల మీద తిప్పితే దాని అంచు గంటకు 280 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంత బిట్టును సుమారు 16,000 దాటనివ్వకూడదు. తలుపు ప్యానెల్‌కు వాలు తీసే 75 మిల్లీమీటర్ల పైబడిన బిట్టైతే 10,000 నుంచి 12,000 మధ్యే ఆపాలి.

కాబట్టి మీ దగ్గర ఉన్నది ట్రిమ్మర్ ఒక్కటే అయితే, ఇంకో ఏడాది వరకు పెద్దది కొనే ఆలోచన కూడా లేకపోతే, నిలువెత్తు క్యాబినెట్ పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. బల్ల మీద పెట్టి రెండు క్లాంపులు బిగించుకునే పెట్టె చాలు. 18 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు, అడుగు ఎత్తు. పనయ్యాక మంచం కిందకి తోసేయొచ్చు. దేవుడి మందిరానికి బీడింగులు, ఫొటో ఫ్రేములు, చిన్న పెట్టెల మూతలు దీని మీద హాయిగా అవుతాయి.

వేగం మార్చుకునే వీలున్న పెద్ద రౌటర్ ఉంటే కథ వేరు. బాష్ జీఓఎఫ్ 130 (1300 వాట్లు, 11,000 నుంచి 28,000 చుట్లు) మధ్యతరగతి ఎంపిక. మకీటా ఆర్‌పీ2301ఎఫ్‌సీ (2100 వాట్లు, 9,000 నుంచి 22,000) బరువు పనులకు. ఇది సుమారు ఆరు కిలోలుంటుంది. టేబుల్ కింద తలకిందులుగా వేలాడుతూ, గట్టి టేకును కొరుకుతూ అదిరే ఆరు కిలోలు. అలాంటి దానికి తేలిక పెట్టె సరిపోదు, నేలను పట్టుకుని నిలబడే బరువు కావాలి. క్యాబినెట్‌కు అసలు అర్థం ఇక్కడ వస్తుంది.

కొనేటప్పుడు కొలెట్ (బిట్టు కాడను పట్టి ఉంచే బిగింపు) సైజు కూడా చూసుకోండి. 6 మిల్లీమీటర్ల బిట్టు, పావు అంగుళం బిట్టు చూపుకి ఒకటే. కానీ పావు అంగుళం అంటే 6.35. అలాగే 12 మిల్లీమీటర్లు, అర అంగుళం (12.7). సన్న కాడ బిట్టును పెద్ద కొలెట్‌లో ఎంత బిగించినా పట్టు చాలదు, తిరుగుతూ తిరుగుతూ బయటికి జారుతుంది. ఒక సైజు ఎంచుకుని బిట్లన్నీ దానికే కొనడం మేలు.

నాలుగు రకాల నిర్మాణం

పెట్టె గురించి చెప్పేశాను. రెండోది ఇనుప యాంగిల్ స్టాండు. వెల్డింగ్ షాపులో కొలతలిస్తే ఒక్క రోజులో చేసిస్తారు, ఖర్చు తక్కువ, వంగదు. కానీ నాలుగు వైపులా తెరిచి ఉండడంతో పొట్టు ఇల్లంతా, చప్పుడు వీధంతా. సముద్రానికి దగ్గరైతే ఎర్ర ప్రైమర్, రెండు కోట్ల పెయింటు తప్పనిసరి. వెల్డింగ్ అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది, అక్కడ ఇంకాస్త దట్టంగా వేయించండి. గాజువాక వైపు షెడ్డులో పని చేసుకునేవాళ్లకి ఇది నచ్చుతుంది. ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పను.

మూడోది, ఇప్పటికే ఉన్న పని బల్లకి ఒక చివర రౌటర్ ప్లేటు (రౌటర్‌ను బిగించే పలక) దించడం. వేరే చోటు అక్కర్లేదు. బాల్కనీ వర్క్‌షాపులకి ఇదే సరైనదని నా నమ్మకం. ఒక్కటే ఇబ్బంది. బల్ల మీద సగం అతికించిన వస్తువు క్లాంపుల్లో ఆరుతూ ఉంటుంది, సరిగ్గా అప్పుడే రౌటర్ కావాలి. దానికి ఓపిక తప్ప మందు లేదు.

నాలుగోది అసలు క్యాబినెట్. ముక్క తోసే దిశలో పన్నెండడుగులు, అటు ఆరడుగుల ఖాళీ ఉండి, వేగం మారే రౌటర్ ఉండి, నెలకు కనీసం రెండు మూడు వారాంతాలు పని చేసేవాళ్లు దీనికి వెళ్లొచ్చు. క్యాబినెట్ మూడడుగులే, మిగతా చోటంతా దేనికంటారా? ఆరడుగుల బీడింగు కుడి వైపు నుంచి లోపలికి వెళ్లి ఎడమ వైపు నుంచి బయటికి రావాలి. పక్క గోడకి ఆనించి పెడితే చిన్న ముక్కలతోనే ఆగిపోతారు.

పైపలక: ఇక్కడ తొందరపడొద్దు

రౌటర్ టేబుల్ అంటే ఒక చదునైన పలక, ఒక కంత. పలక మధ్యలో కాస్త దిగితే చాలు, పొడుగు ముక్కకి తీసిన గాడి చివర్ల లోతుగా, మధ్యలో పైపైన వస్తుంది. ఎందుకో తెలియక బిట్టును తిట్టుకుంటాం. చదును చూడడానికి ఖరీదైన సాధనం అక్కర్లేదు. మంచి అల్యూమినియం లెవెల్ పట్టీని పలక మీద ఐమూలగా పెట్టి, కింద ఏ4 కాగితం ముక్క దూర్చి చూడండి. మామూలు ఏ4 కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. ఒక కాగితం ఇరుక్కుంటూ వెళ్తే బెంగ లేదు. నాలుగు మడతలు సులువుగా జారిపోతే ఆ పలక వద్దు.

బోర్డుల్లో చదును విషయంలో ఎండీఎఫ్‌ను (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన బోర్డు) మించింది లేదు. ప్లైవుడ్ ఎంత మంచిదైనా కాస్తో కూస్తో వంపు ఉంటుంది. కానీ ఎండీఎఫ్‌కి నీళ్లంటే పడదు. తడి తగిలిన అంచు ఉబ్బుతుంది, ఎండినా మళ్లీ దిగదు. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది: ఎండీఎఫ్ అంత నున్నగా, అంతకంటే దిట్టంగా, చెమ్మను బాగా తట్టుకుంటూ. విశాఖలో పైపలకకి నా ఓటు దీనికే. 18 మిల్లీమీటర్లవి రెండు పొరలు అతికించి, పైనా కిందా సన్‌మైకా వేయాలి. కింద ఎవరు చూస్తారులే అని పైన మాత్రమే వేస్తే, కింది వైపు చెమ్మ పీల్చుకుని సాగుతుంది, మైకా ఉన్న పై వైపు కదలదు. రెండు వానాకాలాలు గడిచేసరికి పలక వంగి కూర్చుంటుంది. కింది మైకా తక్కువ రకం అయినా పర్లేదు, ఉంటే చాలు.

ప్లేటు కోసం కోసిన కంత అంచుల్ని చాలామంది వదిలేస్తారు. అక్కడ బోర్డు లోపలి భాగం పచ్చిగా బయటపడి ఉంటుంది, చెమ్మ దూరేది అక్కడి నుంచే. ఎపాక్సీ గానీ పీయూ (పాలియురెథేన్) సీలర్ గానీ చిన్న బ్రష్‌తో రెండు సార్లు పూయండి. ప్లేటు కూర్చునే మెట్టుకి కూడా.

ఇక మన దగ్గర మాత్రమే సులువుగా దొరికే ఒక దారి ఉంది: గ్రానైట్. వంటింటి గట్టుకి కోయగా మిగిలిన ముక్కలు గ్రానైట్ షాపుల్లో పడి ఉంటాయి. బేరమాడితే చవగ్గా ఇచ్చేస్తారు. చెమ్మకి ఉబ్బదు, తుప్పు పట్టదు, మెరుగు పెట్టిన ముఖం మీద చెక్క చక్కగా జారుతుంది. 800 బై 600 మిల్లీమీటర్ల ముక్క 18 మిల్లీమీటర్ల మందంలో 23 కిలోల దాకా తూగుతుంది. ఆ బరువే అదురుని మింగేస్తుంది. స్టవ్వు కోసం కంత కోసినట్టే ప్లేటు కంత కూడా అక్కడే కోసిస్తారు. అయితే ఒక మాట గట్టిగా చెప్పండి: నాలుగు మూలలా ముందు గుండ్రటి రంధ్రం వేసి, ఆ రంధ్రాల మధ్య కోయాలి. మూల పదునుగా కోస్తే బీట అక్కడి నుంచే పాకుతుంది. రాతిలో ప్లేటుకి మెట్టు తీయడం కష్టం కాబట్టి, కంత కింద గట్టి చెక్క ఫ్రేమును క్యాబినెట్‌కే బిగించి, దానికి నాలుగు మూలల్లో మరలు పెట్టి ప్లేటుని పైకి లేపుకోవాలి. రాయిని డబ్బా మీద సిలికాన్‌తో కూర్చోబెట్టొచ్చు.

గ్రానైట్‌తో చిక్కల్లా రేపు బుద్ధి మారితే మార్చలేం. ఫెన్స్‌కి (ముక్కను ఆనించి తోసే సూటి అడ్డుచెక్క) కొత్త రంధ్రం కావాలన్నా మళ్లీ డైమండ్ బిట్టు పట్టుకోవాలి. చక్రాల మీద తోసుకుంటూ తిరిగే క్యాబినెట్‌కి రాతి పలక నేను పెట్టను. గడప దాటేటప్పుడు ఒక్క కుదుపు చాలు. ఒకచోట స్థిరంగా ఉండేదైతే, ముఖ్యంగా మేడ మీద రేకుల షెడ్డులో, బోర్డు కంటే గ్రానైట్ మేలు.

పోత ఇనుప పలకలు తయారుగా కూడా వస్తాయి. చదునులో వాటికి సాటి లేదు. కానీ లాసన్స్ బే, రుషికొండ వైపు కిటికీ తెరిస్తే ఉప్పుగాలి. వారం వారం మైనం రుద్దే ఓపిక ఉంటేనే కొనండి.

రౌటర్ బిగించే ప్లేటు

దిగుమతి అల్యూమినియం ప్లేట్లు ఎక్కువగా అమెరికా కొలతల్లో వస్తాయి: 9¼ అంగుళాలు, 11¾ అంగుళాలు. అంటే 235 బై 298 మిల్లీమీటర్లు. మీరు ఇక్కడే చేయించుకున్నా ఇదే కొలత పెట్టుకుంటే, రేపు కొన్నది తెచ్చి అదే కంతలో దించొచ్చు. ఆటోనగర్‌లో లేజర్ కటింగ్, మిల్లింగ్ చేసేవాళ్లకి 8 మిల్లీమీటర్ల అల్యూమినియం ఇచ్చి కోయించడం ఒక పద్ధతి. రౌటర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పళ్లెం విప్పి తీసుకెళ్తే, మర రంధ్రాలకు అదే నమూనా.

ఇంకో పద్ధతి హైలం షీటు, అంటే రెసిన్‌తో గట్టిపరిచిన షీటు. మోటార్ రివైండింగ్ చేసేవాళ్లకి, కరెంటు ప్యానెళ్లు చేసేవాళ్లకి ఇది రోజూ వాడే సరుకు. 10 లేదా 12 మిల్లీమీటర్ల మందం తీసుకుంటే ఆరు కిలోల రౌటర్‌కీ వంగదు, తుప్పు ప్రశ్నే లేదు, మామూలు చెక్క పనిముట్లతోనే కోయొచ్చు. చిన్న బడ్జెట్‌లో నేను దీన్నే ఎంచుకుంటాను. అక్రిలిక్ జోలికి మాత్రం పోవద్దు. కొన్నప్పుడు అద్దంలా మెరుస్తుంది, నెలలు గడిచేకొద్దీ రౌటర్ బరువుకి, మన వేసవి వేడికి మధ్యలో బొజ్జ దించుతుంది.

ఎత్తు ఎలా మారుస్తారు?

ప్లంజ్ రౌటర్ (మోటారు పైకీ కిందికీ జారే రకం) తలకిందులైతే లోపలి స్ప్రింగు మనకు ఎదురు తిరుగుతుంది. మనం పైకి లేపుతుంటే అది కిందికి నెడుతుంది. చాలా మోడళ్లలో స్ప్రింగు తీసి దాచుకోవచ్చు. అసలైన రౌటర్ లిఫ్టు (రౌటర్‌ను పైకీ కిందికీ కదిపే పరికరం) సుఖంగా ఉంటుంది గానీ ధర ఒక్కోసారి రౌటర్‌నే మించుతుంది. కారు జాకీ, అదే కత్తెరలా తెరుచుకునేది, రౌటర్ కింద పెట్టి, తిప్పే కడ్డీని డబ్బా ముందు వైపుకి తీస్తే సగం సుఖం వస్తుంది. అయితే ఎత్తు సరిచేసిన ప్రతిసారీ రౌటర్ లాక్ బిగించడం మరవకూడదు, జాకీ బరువు మోస్తుందే గానీ అదురుని ఆపదు. జాకీ పెట్టేట్టయితే రౌటర్ గది లోపలి ఎత్తు కనీసం 16 అంగుళాలు ఉంచుకోండి.

డబ్బాకి ఏ చెక్క?

పార్టికల్ బోర్డు ముందే కొట్టేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజు కిటికీల్లోంచి వాన ఇళ్లలోకి ఎలా కొట్టిందో చూసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. అంత తుపాను రాకపోయినా, బాల్కనీ తలుపు సందులోంచి వచ్చే జల్లు చాలు.

ప్లైవుడ్‌లో మూడు రకాల పేర్లు వినిపిస్తాయి. ఎంఆర్ అంటే చెమ్మను కొంత ఓర్చుకునేది, బీడబ్ల్యూఆర్ అంతకంటే మెరుగు, బీడబ్ల్యూపీ అన్నిటికంటే పైన. మొదటి రెండూ ఐఎస్ 303 (భారత ప్రమాణం) కిందికి వస్తాయి, బీడబ్ల్యూపీ అని అమ్మే మెరైన్ ప్లై ఐఎస్ 710 కిందికి. ఐఎస్ 710 నమూనాని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. ఇంటి లోపల గదిలో పెట్టేదైతే బీడబ్ల్యూఆర్ సరిపోతుంది. పోర్టికో, బాల్కనీ, మేడ మీద షెడ్డు అయితే 710 కొనండి. షీటు మీద ‘710’ అని ముద్ర ఉంటే చాలదు, ఐఎస్ఐ గుర్తు పక్కన సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఏ కంపెనీదో తెలిసిపోతుంది. షాపతను మొహం మాడ్చుకున్నా ఫర్వాలేదు.

ఎన్ని షీట్లు? 30 అంగుళాల వెడల్పు, 22 లోతు, చక్రాలూ పలకా కలిపి 36 ఎత్తు ఉండే క్యాబినెట్‌కి డబ్బా మొత్తం ఒక 8 బై 4 షీటులో వచ్చేస్తుంది. షీటుని పొడుగునా 22 అంగుళాల పట్టీలు రెండు కోయించండి. ఒకదాంట్లో రెండు పక్కలు, అడుగు. రెండోదాంట్లో రెండు నిలువు అడ్డలు, రౌటర్ గది అరుగు. వెనక వైపు మూయడానికి 6 మిల్లీమీటర్ల ప్లై చాలు. పలక, సొరుగులు వేరే షీటు కింద లెక్కేసుకోండి. 18 మిల్లీమీటర్ల ప్లై షీటు 35 కిలోల పైమాటే, ఎనిమిదడుగుల షీటు అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు. ప్యానెల్ సా ఉన్న షాపులో కోయించి ముక్కలుగా తెచ్చుకుంటే మెట్ల మీద నడుము పోదు, కోత కూడా మనకంటే సూటిగా వస్తుంది.

మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఈ ఒక్క ఖర్చు దగ్గర లెక్కలు వేయొద్దు.

పొట్టు, చప్పుడు

రౌటర్ మోటారు తన ఫ్యానుతో తోక వైపు నుంచి గాలి పీల్చి బిట్టు వైపు వదులుతుంది. టేబుల్‌లో తోక కింద ఉంటుంది, పొట్టు పడేది కూడా అక్కడే. గాలి ఆడని డబ్బాలో మూసేస్తే మోటారు తన పొట్టు తానే పీల్చుకుని వేడెక్కుతుంది. కాబట్టి మూసిన గదికి పొట్టు లాగే మిషను ఉండాలి, ఎదురు తలుపుకి గాలి రంధ్రాలూ ఉండాలి. 4 అంగుళాల గొట్టం పెడితే రంధ్రాలన్నీ కలిపి పన్నెండు, పదమూడు చదరపు అంగుళాలు ఉండేలా చూడండి.

మీ దగ్గర ఉన్నది సన్న గొట్టం వాక్యూమ్ క్లీనరే అయితే, అది అంత గదిని ఊడ్చలేదు. అప్పుడు గొట్టాన్ని ఫెన్స్ వెనక పెట్టండి. అంచు పనుల్లో పొట్టు చాలా వరకు అక్కడే దొరుకుతుంది. గాడి తీసేటప్పుడు మాత్రం కిందికే పోతుంది. అందుకు రౌటర్ గది తలుపు తీసి ఉంచి, అరుగు మీద ఒక ట్రే పెట్టి, పనయ్యాక ఎత్తిపోసుకోవడమే. ఎండీఎఫ్, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ కోసేటప్పుడు ఎన్95 మాస్కు లేకుండా స్విచ్ వేయొద్దు, ఆ దుమ్ము మహా సన్నం.

చప్పుడు విషయంలో క్యాబినెట్ మోటారు గోలని కొంత తగ్గిస్తుంది. బిట్టు చెక్కని కొరికే కూత మాత్రం పైనే ఉంటుంది, దాన్ని ఏ డబ్బా ఆపలేదు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పేరెక్కకుండా ఉండాలంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గమ్ అతుకులు, ఇసుక కాగితం పనులు పెట్టుకోండి.

ఫెన్స్, స్విచ్

ఫెన్స్ టేబుల్ అంచుకి సమాంతరంగా ఉండాలని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు. బిట్టు గుండ్రంగా తిరిగేది, ఫెన్స్ ఏ కోణంలో ఉన్నా దానికి ఒకటే. ఒక చివర బోల్టు మీద తిరిగి, రెండో చివర క్లాంపుతో బిగిసే సూటి చెక్క చాలు. మైటర్ గాడి (కోణం గైడు జారడానికి పలకలో తీసే గాడి) కోయించొద్దని కూడా నా సలహా. ఇంత కష్టపడి మూసిన పలకకి మళ్లీ ఒక పచ్చి అంచు తెరవడం దేనికి? ముక్క చివర్లు కోయాలంటే చదరపు చెక్క దిమ్మను ఫెన్స్‌కి ఆనించి, దాంతో తోయండి. తోసేది ఎప్పుడూ కుడి నుంచి ఎడమకి. ముక్కని బిట్టుకీ ఫెన్స్‌కీ మధ్య సందులోంచి పంపే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోవద్దు, అది చేతిలోంచి లాక్కుని బాణంలా వెళ్తుంది.

2100 వాట్ల రౌటర్ పూర్తి భారంలో 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్‌కి పెట్టకండి. 16 ఆంపియర్ల లైను లాగించండి. స్విచ్ ‘నో వోల్ట్’ రకం అయితే కరెంటు పోయి వచ్చినా రౌటర్ తనంతట తాను మొదలవ్వదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వచ్చినప్పుడల్లా కరెంటు ఎలా ఆడుకుంటుందో మనకు తెలుసు. ఆ స్విచ్‌ని డబ్బా ముందు ఎడమ వైపు, మోకాలితో కొట్టినా ఆగేటంత కిందికి బిగించండి.

సొరుగులు ఎన్నంటారా? రెండు చాలు. ఒకటి స్పానర్లకి, ఒకటి బిట్లకి. పిడులు కావాలంటే ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క పిడులు చేయించుకోండి, అది సరదా. బిట్లు పెట్టే సొరుగు మాత్రం రౌటర్ గదికి దూరంగా, మూత బిగువుగా ఉండాలి. కార్బైడ్ పదునుకి తుప్పు పట్టదు గానీ కాడకీ, బేరింగుకీ పడుతుంది. తుప్పు పట్టిన కాడ కొలెట్‌ని గీరేస్తుంది. పెట్టే ముందు కాడని మిషన్ ఆయిల్ గుడ్డతో ఒకసారి తుడవండి, బిగించే ముందు పొడిగుడ్డతో ఆ నూనె తీసేయండి.